దిగే దారి కోసం మూడు చుట్లు

బండి నడపడం కొత్తగా నేర్చుకున్న ఆ రోజుల్లో, నాకు తెలియని దారి లోకంలో లేదనిపించేది. నిజానికి నాకు బాగా తెలిసినవి రెండే: తిరుమలకు ఎక్కే దారి, తిరుమల నుంచి దిగే దారి. తిరుపతివాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మా కొండకు ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి. ఎక్కేటప్పుడు ఎదురుగా ఎవరూ రారు. కొండ మీద ఆఫీసులో పనిచేసిన మా నాయన ఇరవై ఏళ్లకు పైగా రోజూ ఒకదాంట్లో ఎక్కి ఇంకొకదాంట్లో దిగాడు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిన గురువు కూడా ఆయనే. కొండ అంటే అలాగే ఉంటుందని మా ఇద్దరి నమ్మకం. ఇంత అనుభవం ఉన్న మేమిద్దరం ఒకనాడు మామ కారు అడిగి తీసుకుని, వెనక సీట్లో మా కుక్కను కూర్చోబెట్టుకుని హార్స్‌లీ హిల్స్‌కు బయల్దేరాం.

షికారుకు కాదు, కుక్కను అక్కడ వదిలిపెట్టి రావడానికి. దాని పేరు బొండా (ఆకారాన్ని బట్టి అమ్మ పెట్టిన పేరు). మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ మడి ఆచారాలు గట్టిగా పాటించే మనిషి, వాళ్లాయనది గుళ్లో కైంకర్యం. ఎవరి చేయీ తగలకుండా ఆవిడ మిద్దె మీద ఆరేసుకున్న మడి చీరను బొండా మూడోసారి కిందికి లాగి, దాని మీదే పడుకుని నిద్రపోయింది. (మంచి నిద్రే పట్టినట్టుంది, పిలిచినా లేవలేదు.) ఆవిడ అరవలేదు. మెట్ల దగ్గర నిలబడి, "ఆదివారం లోపల అదన్నా పోవాల, మీరన్నా పోవాల" అని చెప్పి, చీర ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. నాయన వెంటనే హార్స్‌లీ హిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో తోటపని చేసే మా చిన్నాయనకు ఫోను చేశాడు. "ఆడ సల్లగా ఉంటాది. తిరగను కావలసినంత జాగా ఉండాది. దానికే మేలు రా" అన్నాడు నాతో. అమ్మ బొండా తినే సత్తు గిన్నెను కడిగి సంచిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను, బాధ్యత తెలిసిన మగవాణ్ణని నా ఉద్దేశం, అందుకని సరేనన్నాను. ఆ రాత్రి మాత్రం బొండా పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. గబుక్కున బ్రేకు తొక్కాను. "నాయనా, ఎదురొస్తాండాడే" అన్నాను. నాయన తొణకలేదు. "ఇది ఎక్కి అవతలికి పోయే కొండరా. రెండు పక్కలా ఊర్లుండాయి, వస్తారు పోతారు. ఎక్కి నిలబడే కొండకయితే దిగే దావ వేరే ఉంటాది" అన్నాడు. ఈ సిద్ధాంతం నాకు ఎంతో సబబుగా తోచింది. కాబట్టి మదనపల్లె దాటి హార్స్‌లీ కొండ మొదలవగానే నేను నిశ్చింతగా రోడ్డు నడిమధ్యకు వచ్చేశాను. సన్నగా తుంపర, నీలగిరి చెట్ల మధ్య మంచు, బొండా కిటికీలోంచి మూతి బయటపెట్టి అన్నీ వాసన చూస్తోంది. మలుపులో ఒక వ్యాను ఎదురొచ్చి కీచుమని ఆగింది. నాయన తల బయటపెట్టి, "ఏమప్పా, ఎక్కే దావలో దిగొస్తాండావే?" అని మర్యాదగానే అడిగాడు. "నడిమధ్యన వచ్చేది మీరు, అడిగేది నన్నా?" అన్నాడు అతను. నాయన జాలిపడ్డాడు. "పాపం, తెలీక పట్టినాడు ఈ దావ." తర్వాత రెండు కార్లు, ఒక ట్రాక్టరు. "ఈ పొద్దు అందరికీ దావ తప్పినట్టుండాది" అన్నాడు నాయన. నాకు కొంచెం అనుమానం వచ్చింది కానీ, గురువుగారి మాట మీద బండి అలాగే పోనిచ్చాను.

కొండ మీద గెస్ట్‌హౌస్‌కు చేరగానే చిన్నాయన బొండాను గేటుకు కట్టేశాడు. నేను గిన్నె దాని ముందు పెట్టి, తల నిమిరి, వెనక్కి చూడకుండా వచ్చి కారెక్కాను. ఇక దిగే దారి వెతకాలి. టీ కొట్టు ఆమెను అడిగితే, "వచ్చిన దావనే పోండన్నా, ఇంకేముండాది" అంది. "ఆమెకు బండి ల్యాదు, ఆమెకేం తెలుస్తాది. నువ్వు పోనీ" అన్నాడు నాయన. పోనిచ్చాను. కొండ మీద రోడ్డు చుట్టూ తిరిగి మమ్మల్ని మళ్లీ చిన్నాయన గేటు ముందే దించింది. బొండా లేచి తోక ఊపింది. "ఏమన్నా మర్చిపోయినారా అన్నా?" అన్నాడు చిన్నాయన. "ల్యాదు, దావ సూస్తాండాము." మళ్లీ తల నిమరడం, మళ్లీ వెనక్కి చూడకపోవడం. రెండో చుట్టులో నా కళ్లముందే ఒక బస్సు, నిండా జనంతో, మేము ఎక్కి వచ్చిన రోడ్డులోకే తిరిగి నింపాదిగా దిగిపోయింది. నేను చూశాను. చూసి, స్టీరింగు రెండో పక్కకు తిప్పాను.

మూడో చుట్టు కూడా తిరిగి గేటు ముందుకు వచ్చేసరికి బొండా తాడు తెంపుకుని రోడ్డు మధ్యలో కూర్చుని ఉంది. నాయన దిగాడు. కాసేపు మంచులోకి, కాసేపు కుక్కకేసి చూశాడు. తర్వాత వెనక తలుపు తీసి, "ఎక్కు" అన్నాడు. చిన్నాయన పరుగెత్తుకొచ్చి, "మరి మీ ఓనరమ్మో?" అన్నాడు. "దిగే దావే ల్యాని కొండప్పా ఇది. ఇట్లాంటి తావులో బిడ్డను వదిలేసి ఎట్ల పోయేది?" అన్నాడు నాయన. కారెక్కి కూర్చుని, "వచ్చిన దావనే పోదాం పద. తెలీక దిగినోళ్లు అంతమంది ఉండారు, మనమూ దిగుదాం" అన్నాడు.

ఆదివారానికి మేమే ఇల్లు ఖాళీ చేశాం. బొండా ఇంకా ఆరేళ్లు మాతోనే ఉంది. బస్సును చూసిన సంగతి నాయనకు నేను ఇంతవరకూ చెప్పలేదు. అప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు, అద్దం దించే ఉంది, ఆయన కూడా చూశాడేమో నాకు తెలియదు. అడగాలనుకుంటూనే ఉన్నాను. ఏడవకుండా స్టీరింగును బిగించి పట్టుకుని, కొండ చుట్టూ గిరగిరా తిరిగిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అన్ని మలుపులు తిరిగే బదులు, "దీన్ని వదల్లేను నాయనా" అని ఇంటి దగ్గరే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.