ఇద్దరు పట్టే గట్టు

పొలం గట్టు మీద మొగుడు ముందు, పెళ్లాం వెనక. గెడ్డవలసలో ఎవరిని చూసినా అంతే. అది ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు, గట్టు ఒక్క మనిషికే పడుతుంది మరి. చినబాబు కూడా కాపురమంతా సుభద్రమ్మని అలాగే నడిపించుకొచ్చాడు. ఊడుపులకైనా కోతలకైనా ముందు భుజాన పారతో అతను, వెనక నెత్తిన గంపతో ఆమె. చెప్పవలసిందేదైనా ఉంటే తల తిప్పకుండానే చెప్పేవాడు. వెనకనుంచి ఊఁ అని వినపడితే చాలు.

సుభద్రమ్మకి షుగరుందని తెలిసినప్పుడు శ్రీకాకుళంలో డాక్టరమ్మ మందులు రాసిచ్చి, రోజూ పొద్దున్నే నడవమంది. సుభద్రమ్మ నవ్వేసింది. పుట్టినకాడినుంచీ చేస్తున్న పని అదే కదా అంది. పనిలో నడక కాదమ్మా, ఊరికే ఆగకుండా నడవాలి అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఊరికే నడవడమంటే ఏమిటో మొగుడూ పెళ్లాలిద్దరికీ బోధపడలేదు.

రోడ్డెక్కితే క్వారీ లారీలు. వీధిలో నడిస్తే ప్రతి అరుగు మీదనుంచీ ఎక్కడికే అని పలకరింపు. అందుకని సుభద్రమ్మ మొదట్లో ఖాళీ గంప చంకన పెట్టుకుని బయల్దేరేది, ఏదో పని మీద వెళ్తున్నట్టు. చినబాబు అది చూసి అడిగితే, పనీపాటా లేకుండా తిరగడానికి సిగ్గేస్తన్నాదంది. అతను ఆ గంప తీసి పశువులసాలలో బోర్లించి, తనూ చెప్పులేసుకున్నాడు. ఒంటరిగా తిరిగితే సిగ్గు గానీ ఇద్దరం తిరిగితే ఏటి సిగ్గన్నాడు.

దారి అతనే చూశాడు. ఊరు దాటాక బండి దారి, అక్కడినుంచి గెడ్డ వాగు ఒడ్డునే జీడితోట దాకా, తోట వార తిరిగి వరిమడుల మధ్యనుంచి కోవెల వెనక్కి తేలే చుట్టు. వేరే ఎవరూ అలా వెళ్లరు, ఆ దారి ఎక్కడికీ పోదు కనక.

ఒకరోజు గట్టు మీద నడుస్తుంటే వెనకనుంచి సుభద్రమ్మ ఏదో అంది. గాలికి అతనికి వినపడలేదు. ఏటన్నావని అడిగితే, ఏటీ నేదులే అంది. రెండోసారి అడిగినా చెప్పలేదు. ఆ మాట ఏమిటో చినబాబుకి ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజంతా అది మనసులో ముల్లులా ఆడింది. ఇన్నేళ్లలో గాలికి పోయిన మాటలు ఎన్నో అనిపించింది. మర్నాడు పార పట్టుకుని తన మడి గట్టుకి మట్టి వెయ్యడం మొదలుపెట్టాడు, ఇద్దరు పక్కపక్కన పట్టేంత.

తన గట్టయ్యాక ఆ దారిలో మడులున్న తక్కినవాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగాడు. జానెడు చేను పోతుంది, మట్టి పని నేనే చేసుకుంటానన్నాడు. ముసిలి వయసులో సరసమా అని నవ్వినవాళ్లున్నారు, నవ్వుతూనే సరేనన్నారు. ఒప్పుకోనిది ఒక్కడే, నరసింగరావు. సుభద్రమ్మకి సొంత అన్న. టీకొట్టు దగ్గర అందరూ వింటుండగా అన్నాడు: "ఆడది మొగుడి పక్కన నడవడానికి నా సేను కొయ్యాలేటి?"

చినబాబు మొహం మాడ్చుకుని ఇంటికొస్తే సుభద్రమ్మే సర్దిచెప్పింది. అన్న నోరు తనకి కొత్తా, ఆ ఒక్క మడి దగ్గరా నీ వెనకాలే వస్తాను పోనీ అంది.

గట్టు వెడల్పయ్యాక సుభద్రమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎప్పుడూ పొయ్యి గురించో పశువుల గురించో తప్ప ఎత్తని మనిషి, నడకలో ఏవేవో చెప్పేది. అతనూ అంతే. ఒకనాడు గెడ్డ ఒడ్డున నడుస్తూ, కాలు ఆపకుండానే అడిగింది.

"మావా, మన బాబుని ఏ మూలెట్టినారు?"

కూతురు ఈశ్వరి కంటే ముందు వాళ్లకొక మగపిల్లాడు పుట్టి, పాలు తాగుతూండగానే జొరమొచ్చి పోయాడు. మగవాళ్లే తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చారు. ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. చినబాబు ఆ చోటు పక్కనుంచే రోజూ పొలానికి వెళ్లేవాడు. కాస్త దూరం నడిచాక తంగేడు పొదల పక్కన ఆగాడు. సుభద్రమ్మ వంగి, ఆ నేల మీద ఎండుటాకులు చేత్తో పక్కకి తోసింది. ఏడవలేదు. లేచి, పద అంది. అంతకాలం ఆ ప్రశ్న కడుపులో పెట్టుకుని తన వెనక నడిచిందా అనుకున్నాడు చినబాబు.

రెండేళ్లు అలా నడిచారు. షుగరు తగ్గిందని డాక్టరమ్మ మెచ్చుకుంది.

ఆ కార్తీకంలో వరి ఈనింది. పొద్దున్నే మంచు. నరసింగరావు మడి దగ్గర అలవాటు ప్రకారం చినబాబు ముందు, ఆమె వెనక. ఈశ్వరి కూతురికి చెవులు కుట్టించాలి, అరసవిల్లిలో చేద్దామా, ఇంటి దగ్గర చేద్దామా అని చెప్పుకుపోతున్నాడు. ఊఁ వినపడకపోయినా అంటూనే ఉండుంటుందనుకున్నాడు. మడి దాటి గట్టు వెడల్పయిన చోట, ఆమెకి చోటివ్వడానికి పక్కకి జరిగాడు. పక్కకి ఎవరూ రాలేదు.

తిరిగి చూస్తే సుభద్రమ్మ ఎక్కడో వెనకాల, వరిదుబ్బుల మీదికి ఒరిగి ఉంది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె ఆగింది, గట్టు మీదే అయిపోయింది, పక్కనున్నా ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారన్నాడు డాక్టరు. ఆ మాటే ఊరంతా చినబాబుకి చెప్పింది. అతని చెవికి అదేదీ ఎక్కలేదు. ఎంత దూరం ఒక్కడినే మాట్లాడుకుంటూ పోయానా అన్నదొక్కటే లోపల తిరిగేది. పిలిచిందేమో. గాలికి పోయిందేమో.

ఆ పొద్దు అటువైపు పశువులకి గడ్డి కోస్తున్నది నారాయణమ్మ అని తెలిసింది. పెద్దకర్మ అయ్యాక చినబాబు ఆమె ఇంటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో ఆమెకి అడక్కుండానే అర్థమైంది.

"వదిన కేకెయ్యనేదన్నా. నెమ్మదిగా కూకుంది. కాలు నొప్పెట్టిందేమో అనుకున్నాను."

"సెయ్యెత్తిందేటి?"

నారాయణమ్మ చేతిలో ఉన్న చేట కింద పెట్టి, పమిట సర్దుకుంది. తర్వాత నేదంది. చినబాబు తలూపి వచ్చేశాడు. ఆ నేదు రావడానికి పట్టిన కాస్త సమయం కూడా అతనితో ఇంటికొచ్చింది.

మళ్లీ ఆ దారి తొక్కలేదు. పొలానికి రోడ్డెంబడి చుట్టు తిరిగి వెళ్లేవాడు. నరసింగరావు ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. వరి కోతలు, నూర్పులు అయ్యాక ఎవరో చెప్పారు, మీ బావ గట్టుకి మట్టేస్తన్నాడని. చినబాబు నమ్మలేదు. వెళ్లి చూశాడు. ఎండలో చొక్కా లేకుండా, కూలీలెవరినీ పెట్టుకోకుండా నరసింగరావు ఒక్కడే పారతో మట్టి తోడి పోస్తున్నాడు. సగం మడి దాకా గట్టు వెడల్పయి ఉంది.

"ఎవులికి బావా ఇది?" అన్నాడు చినబాబు.

నరసింగరావు పార ఆపలేదు. కాసేపటికి తనే ఆగిపోయి, ఆ కొత్త మట్టి మీదే కూలబడ్డాడు. "అది నోరిడిసి ఒక్కమాటడిగుంటే ఆ రోజే ఏసీవోణ్ణి. అడగనేదు. దాని బదులు నువ్వడిగినావు. అన్నని కానా నాను?"

ఇన్ని నెలలూ చినబాబు కడుపులో రాజేసుకున్న కోపం నిలవడానికి చోటు లేకుండా పోయింది. అతనూ పక్కన కూర్చున్నాడు.

"నానెనక్కి సూడనేదు బావా," అన్నాడు.

నరసింగరావు మట్టి అంటిన చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

ఎండాకాలంలో ఈశ్వరి వచ్చి తండ్రిని తనుండే కొత్తవలసకి తీసుకెళ్లింది. అక్కడే ఉండిపొమ్మని కాదు, నాలుగు రోజులు కంటికెదురుగా ఉంటాడని. సాయంత్రం కూరగాయలకని ఇద్దరూ బజారుకి బయల్దేరారు. స్టేషను రోడ్డు రద్దీగా ఉంది. చినబాబు నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తున్నాడు. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ చూపు.

"ఎవులున్నారు నాన్నా ఎనకాల?" అంది ఈశ్వరి.

ఎవులూ నేరమ్మా అన్నాడు. ఆమెకి అప్పుడు తట్టింది. సంచీ రెండో చేతిలోకి మార్చుకుని, తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"నాను పక్కనే ఉన్నాను కదా."

"ఉన్నావమ్మా," అన్నాడు చినబాబు. అంటూనే ఇంకోసారి తిరిగి చూశాడు.