టమాటా పెట్టెలో పోయిన ముగింపు

మొన్న హోసూరు మార్కెట్లో టమాటాలు ఏరుకుంటున్నాను. పెట్టె సగం ఖాళీ అయ్యేసరికి అడుగున పరిచిన కాగితం బయటపడింది. చూస్తే వార్తాపత్రిక కాదు, ఏదో కథల పుస్తకంలోని పేజీ. ఒక మూల తడిసిపోయింది, మధ్యలో ఎవరో ఎవరినో అన్నం తిన్నావా అని అడుగుతున్నారు. నేను టమాటాలు మరచిపోయి వంగి చదవడం మొదలుపెట్టాను. కొట్టామె చూసి, “ఏమ్మా, నీకు పండ్లు కావాలనా, కాగితం కావాలనా?” అంది. రెండూ కావాలన్నాను. పిచ్చిదనుకుని ఉంటుంది. అనుకోనీ. పెట్టె అడుగున అచ్చుకాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని ఈ జబ్బు నాకు తమిళనాడులోని ధర్మపురి కాలేజీలో పట్టుకుంది.

అవి రెండువేలు దాటిన తొలి సంవత్సరాలు. మాది వెల్లిచందై, నా స్నేహితురాలిది మారండహళ్ళి. మా తరగతిలో తెలుగిళ్ళ ఆడపిల్లలం నలుగురైదుగురం ఉండేవాళ్ళం. తెలుగిళ్ళంటే ఇంట్లో మాట తెలుగు, చదివేదీ రాసేదీ తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక మా పాప వాచకం పక్కన పెట్టుకుని నేర్చుకున్నవే. తప్పులుంటే ఆ వాచకాన్నే తిట్టండి. మా తమిళ మేడమ్‌కి పాఠాల కన్నా ఇప్పటి నవలల మీద ప్రాణం. తన పుస్తకాలే మాకు ఇచ్చేవారు, అవీ ఒక్కొక్క ప్రతే. చేతులు మారీ మారీ కుట్లు ఊడి, అట్టలు పోయి, కట్టలు కట్టలుగా విడిపోయి ఉండేవి. మేము దాన్నే ఒక పద్ధతిగా మార్చుకున్నాం. తలా ఒక కట్ట తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రం సైకిల్ స్టాండు వెనక సిమెంటు దిమ్మె మీద చేరాలి. ఆ వారం వంతు ఎవరిదో వాళ్ళు తమ కట్టలోని కథను తెలుగులో చెప్పాలి. పుస్తకం పూర్తిగా చదివిన మనిషి మాలో ఒక్కతీ లేదు గానీ, పూర్తి పుస్తకం మీద గొంతులు పోయేలా కొట్లాడుకునేవాళ్ళం. బఠాణీలవాడు మమ్మల్ని చూసి ఏదో కుటుంబ తగాదా అనుకునేవాడు.

మా స్నేహితురాలు విన్న కథను అక్కడితో వదిలేది కాదు. ఇంటికి పోయి వాళ్ళమ్మకు చెప్పేది. ఆవిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. అత్తకు ఏ లిపీ రాదు. సాయంత్రం దీపం కింద తమ తోటలో కోసిన టమాటాలను పెద్దవి, చిన్నవి, దెబ్బతగిలినవి అని వేరుచేస్తూ కథ వినేది. ఆ ఏడు మేము చెప్పుకుంటున్నది తిరుప్పూరులో బనియన్లు కుట్టే ఒక ఆడమనిషి కథ. మొగుడిని వదిలేసి వచ్చి, ఒక గది అద్దెకు తీసుకుని బతుకుతుంటుంది. అత్తకు ఆమె నవలలో మనిషి కాదు, దూరపు చుట్టం. వాన పడితే, “ఆయమ్మ గది కురస్తా ఉండాదో ఏమో” అని దిగులుపడేది.

మామకు, అంటే మా స్నేహితురాలి నాన్నకు, మాత్రం ఇది నచ్చలేదు. శుక్రవారం కూతురు ఏడు గంటల బస్సుకు రావడం ఆయన కంట్లో నలుసు. ఊళ్ళో ఎవరో ఏదో అన్నారట. ఒకరోజు అరుగు మీద నుంచే తేల్చేశాడు: “ఈ కథ అయ్యేదాకా చూస్తా. అయిపోయిందా, ఆ బస్సూ అయిపోయినట్లే. నాలుగింటికే ఇంట్లో ఉండాల. లేదంటే కాలేజీ మాను.” మామ మాట అంటే మాటే. అప్పటినుంచి మా స్నేహితురాలికి కథ ముందుకు నడిచే కొద్దీ గుండెల్లో గుబులు. మేమేమో వీలైనంత సాగదీశాం. ఒక్క పెళ్ళిచూపుల ఘట్టాన్ని రెండు శుక్రవారాలు చెప్పిన ఘనత నాది.

ఎంత సాగదీసినా చివరి కట్ట రానే వచ్చింది. అదీ ఆమె వంతుకే. మొగుడు అడ్రసు కనుక్కుని తిరుప్పూరులో బస్సు దిగాడు, అక్కడ ఆగి ఉంది కథ. ఆమె ఆ కట్టను అరుగు మీద పెట్టి స్నానానికి పోయిందట. వచ్చి చూస్తే లేదు. అట్ట లేని కాగితాలు కదా, మామ పాత కాగితాలనుకుని పెట్టెల్లో పరిచి, మీద టమాటాలు పోసి లారీకి ఎక్కించేశాడు. మా కథ ముగింపు బెంగుళూరు పోయింది.

శుక్రవారం దిమ్మె మీద ఆమె ఏడుస్తుంటే మేమంతా కలిసి ఒక ఉపాయం పన్నాం. ముగింపు మనమే అల్లుదాం, మామకు నచ్చేటట్టు అల్లుదాం. మొగుడు వచ్చి కంటతడి పెడతాడు, ఆమె మూటాముల్లె సర్దుకుని అతని వెంట వెళ్ళిపోతుంది. అత్త నోట అది విని మామ మనసు కరిగితే బస్సు సంగతి మళ్ళీ అడగొచ్చు. తోడుగా నేనూ మారండహళ్ళికి పోయాను. మా స్నేహితురాలు బాగానే చెప్పింది, గొంతు కూడా సరైన చోట వణికించింది. అత్త చేతిలో టమాటా అట్లే ఆగిపోయింది.

“కాదే,” అంది. “ఆయమ్మ అట్ల పోయే మనిషి కాదు. నువ్వేదో మార్చి చెప్తా ఉండావు.”

మేము నోరెత్తేలోగా అరుగు మీది నుంచి మామ గొంతు వినిపించింది: “నాకూ అట్లే అనిపించింది. నిన్నటిదాకా రోషంగా ఉన్నింది గదా!”

అంటే ఇన్నాళ్ళూ ఆయనా వింటున్నాడన్నమాట! ఇక దాచేదేముంది, మా స్నేహితురాలు ఉన్నమాట చెప్పేసింది. మామ లోపలికొచ్చి నిలబడ్డాడు. “అది బుక్కా? అట్టే లేదే దానికి!” అన్నాడు. అత్త తలెత్తలేదు. “పారేసిన మనిషే తెచ్చి ఇయ్యాల,” అంది. ఆవిడ ఆయనకు ఎదురు మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతి వారం మామ సేలం పోయి కొత్త పుస్తకం తెచ్చాడు. నన్నూ పిలిపించారు. చివరి భాగాన్ని మా స్నేహితురాలు చూసి చదువుతూ తెలుగులో చెప్పింది. మొగుడు తలుపు తడతాడు. “చేతిలో కుట్టు ఉంది, అయ్యాక తీస్తా,” అంటుంది ఆమె. మిషను కుడుతూనే ఉంటుంది. అంతే. నవల అయిపోయింది.

“తర్వాత?” అన్నాడు మామ.

“అంతే నాయనా.”

“అదెట్లా? తలుపు తీసిందా, లేదా?” పుస్తకం లాక్కుని వెనక తిప్పాడు. “ఇదో, తెల్ల కాగితాలు ఉండాయి చూడు. ఇంకా అచ్చు ఎయ్యాల్సింది ఉండాది. మరిచిపోయినారు!”

మా స్నేహితురాలు విడమరచి చెప్పబోయింది. అత్త కూతురి మోకాలు గట్టిగా నొక్కింది. “అవునవును, ఇంకా ఉండాది,” అంది, మామకేసి చూడకుండా టమాటాలు ఏరుతూనే. “మీ మేడమ్ దగ్గర విచారించు పాపా. శుక్రవారం శుక్రవారం అడగతా ఉండు.”

కథ అయిపోలేదు కాబట్టి బస్సూ అయిపోలేదు. మా స్నేహితురాలు డిగ్రీ అయ్యేదాకా శుక్రవారాలు ఏడు గంటల బస్సుకే వచ్చింది. ఇప్పుడు పాలక్కోడులో టీచరు. మామ మాట తప్పలేదు, అత్త గెలవకుండా పోలేదు. నాకు ఇప్పటికీ తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఆవిడకు చేతులెత్తి మొక్కాలనీ ఉంటుంది.

అత్త కిందటి వానాకాలంలో పోయింది. పలకరించడానికి వెళ్ళాను. నేను లేవబోతుంటే మామ, “అమ్మాయీ, ఆ మిగిలిన కథ దొరికెనా?” అన్నాడు. “మీ అత్తకు తెలియకనే పాయె.”

అత్తకు అంతా తెలుసునని చెప్పడానికి నాకు నోరు రాలేదు. “లేదు మామా, ఇంకా వెతకతా ఉండాము,” అన్నాను.

ఇరవై ఏళ్ళయినా ఆ మొగుడు తలుపు బయటే నిలబడి ఉన్నాడు, లోపల మిషను కుడుతూనే ఉంది, మామ లెక్కలో మా శుక్రవారం ఇంకా అయిపోలేదు.