సూర్నాయుడి ట్రైలర్ మెడ

అది 1968. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్లే దారిలో మాకొక వెల్డింగ్ షెడ్డు ఉండేది. వెల్డింగ్ మీ తాతయ్య చేసేవారు. కొలతలు తీయడం, బోల్టులు బిగించడం నా పని. పల్లెల్లోకి అప్పుడప్పుడే ట్రాక్టర్లు దిగుతున్నాయి. పిల్లలూ, మేం కట్టిన మొట్టమొదటి ట్రైలర్ సూర్నాయుడనే రైతుది. ఒకే యాక్సిల్, రెండు చక్రాలు. అది రోడ్డెక్కిన రోజు సంబరంతో నాకు అన్నం కూడా సహించలేదు!

నెల తిరక్కుండానే సూర్నాయుడు ధాన్యం లోడుతో షెడ్డు ముందు ఆగాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, నిన్న ఏటి గట్టు ఎక్కుతంటే ట్రాక్టరు ఎనక సక్రాలు గిర్రున తిరిగిపోయాయి. బండి ఎనక్కి జారిపోనాది. బస్తాల మీదున్న మా తమ్ముడు దూకీసాడు గానీ, నేకపోతే ఏట్లోనే. మిల్లుకెళ్లాలంటే మళ్లీ ఆ గట్టే ఎక్కాలి. ట్రాక్టరుకి తగిలించే ఈ కొక్కెం సన్నం, లావుది ఏసీయ్."

అతను తాతయ్యని బావా అని, నన్ను సెల్లీ అని పిలిచేవాడు. తాతయ్య వెంటనే ఇనుము వెతకడం మొదలుపెట్టారు. నేను మాత్రం బండి కిందికి వంగి చూశాను.

ట్రాక్టర్ వెనక డ్రాబార్ అని మందపాటి ఇనప పట్టీ ఉంటుంది. దాని చివర రెండు రేకుల మధ్యకి, ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చిన మెడను దూర్చి, హిచ్ పిన్ అనే లావు మేకు దించుతాం. బరువు కిందికి నొక్కుతుంటే మెడ కింది రేకును ఒరుసుకోవాలి కదా? కింది రేకు మీద మేం వేసిన రంగు అలాగే ఉంది. పై రేకు లోపలి వైపు మాత్రం వెండిలా తళతళలాడుతోంది! మెడ నొక్కడం లేదు, పైకి తేలి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు లేకుండా చేస్తోంది!

"అన్నా, బస్తాలు ఎవులు పేర్సారు?"

"నేనే సెల్లీ. ఇంకెవులికొస్తాది?" అంటూ పిన్ను లాగేసి, అంత లోడుతో ఉన్న ట్రైలర్ మెడను ఒంటి చేత్తో లేపాడు. "సూడు! నలభై ఏళ్లు ఎడ్లబండి తోలినోన్ని."

"బరువు ఎనక్కేసావా?"

"మరి? ముందుకేస్తే ఎద్దు మెడ పుండైపోదేటి?"

"ఈ ట్రాక్టరుకి మెడెక్కడున్నాదన్నా, పుండవడానికి!"

తాతయ్య చేతిలో ఇనుము కింద పడేసి పగలబడి నవ్వారు. "డీజిలు తాగే ఎద్దు మీద జాలేటి బావా నీకు!"

ఇక చూడండి మా హడావిడి! బస్తాలన్నీ దించాం. యాక్సిల్‌ను పట్టుకుని ఉండే యూ-బోల్టులు వదులు చేసి, మెడ మీద బరువు పడేలా దాన్ని జానెడు వెనక్కి జరిపి బిగించాను. ఈసారి బస్తాలు ముందుకి పేర్చాం. మరీ ముందుకైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి, స్టీరింగ్ మాట వినదు. అందుకని నాలుగు బస్తాలు మళ్లీ వెనక్కి వేశాం. ఇద్దరు మగాళ్లు మూలిగితే గానీ మెడ లేవనప్పుడు, చాలన్నాను.

గట్టు దగ్గరికి మేమిద్దరం కూడా వెళ్లాం. బస్తాల మీద ఎవరినీ ఎక్కనివ్వలేదు. సగం దూరంలో ఇంజను గుర్రుమంది. నేను తాతయ్య చొక్కా గట్టిగా పట్టేసుకున్నాను. వెనక చక్రాలు మట్టిని కరిచిపట్టాయి. ఒక్క మెలిక లేదు, జారుడు లేదు. ఎక్కేసింది!

సూర్నాయుడు పైన బండి ఆపి దిగాడు. మా వైపు రాలేదు. వెనక్కి వెళ్లి డ్రాబార్ మీద చెయ్యేసి నిమిరాడు.

"ఓర్సుకోవే తల్లీ, మిల్లు దగ్గరే," అన్నాడు.

ఆ రోజు నవ్వీ నవ్వీ నా కడుపు నొప్పెట్టింది. ఇంటికెళ్లాక తట్టింది. మేం లావు కొక్కెం వేసి పంపి ఉంటే? ఆ కొక్కెంతోనే అతను ఏట్లోకి పోయేవాడు. తప్పు ఇనుములో లేదు, ఎడ్లని ప్రేమగా చూసుకున్న చేతుల్లో ఉంది. ఆ సంగతి ఖాళీ ట్రైలర్ ఎన్నటికీ చెప్పదు. ఆ తర్వాత ఎవరు ఖాళీ ట్రైలర్‌తో వచ్చినా నేను తిప్పి పంపేదాన్ని.

"లోడేసుకుని రండి బాబూ. ఇంటి దగ్గర ఎలా పేరుస్తారో, అలాగే పేర్చుకుని రండి."