అడగకుండ చదివిన నెత్తురు

చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీల కోమల ఏడేండ్లు గోలీల ప్యాకింగ్ చేసింది. ఆమె నాయిన ఇస్రాయేలుకు నలభై దాటంగనే చేతులు, మెడ వాటంతట అవే ఎగిరిపడేవి, మాట ముద్దయ్యేది. తాగి ఊగుతున్నడని వాడకట్టంత నవ్వింది. ఆయన బతికినన్నాళ్లు చుక్క ముట్టలే. పోయేముందు పట్నం దవాఖానల డాక్టర్ చెప్పిండు: ఇది వంశంల వచ్చే నరాల జబ్బు, పిల్లలకు వస్తే రావొచ్చు, లేకుంటే లేదు. పరీక్ష ఉన్నది, నయంజేసే మందు లేదు.

"మందు లేనిదానికి పరీక్షెందుకు?" అన్నది కోమల. తమ్ముడు జానీ గూడ వద్దన్నడు.

కరోనా పోయినంక కంపెనీల ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టిన్రు. షుగర్ చూస్తమని నెత్తురు తీసిన్రు. ఇంట్ల ఎవరికేం జబ్బులున్నయో రాయమంటే, కోమల నాయిన సంగతి ఉన్నదున్నట్టు రాసింది. కింద ఇంగ్లీషుల సన్నటి అక్షరాలు. అందరి లెక్కనే చదవకుండ సంతకం పెట్టింది.

నెల తిరిగినంక మేనేజర్ కమలాకర్ పిలిచిండు. వక్కపొడి నములుకుంటనే చెప్పిండు.

"శిబిరంల తీసిన నెత్తురుతోని ఆ పరీక్ష గూడ చేపిచ్చినం. మీ నాయిన జబ్బు నీకు గూడ వస్తదమ్మా. ఇప్పుడు గాదు, పదేండ్లకో పన్నెండేండ్లకో. రేపటి సంది రాకు."

కోమల బల్ల దగ్గరికి జరిగింది. "ఎవర్నడిగి చూసిన్రు సార్?"

"సంతకం పెట్టినవ్ గదా!"

ఆమె గేటు దాటకముందే ప్యాకింగ్ ఆడోళ్లందరికి తెలిసింది. రోజూ ఒక్క డబ్బల తిన్న అనూహ్య, కోమల నీళ్ల సీసను రెండు వేళ్లతో పక్కకు జరిపింది.

వార్త జానీ దాక పోయింది. వాడు వారం దాక ఇంటికి రాలే. వచ్చి, "నాకు తెల్వకుంటే ఏమాయె అక్కా? ఇగ దినాం నాకున్నదా అనే బుగులే," అన్నడు.

"నాకు తెల్వకుంటే ఏమాయె తమ్మీ?"

కోమల పోయి కలిస్తే, వకీలు మల్లీశ్వరి శిబిరం కాయితాలు చూసింది. "రాబోయే జబ్బు పేరు చెప్పి కొలువు తియ్యొద్దనే చట్టం సూటిగ లేదు. అడగకుండ పరీక్ష చేసినందుకు కొట్లాడుదం," అని నోటీసు పంపింది.

కమలాకర్ మళ్ల పిలిచిండు. కొలువు మళ్ల ఇస్తం, పరీక్ష నువ్వే అడిగినవని రాసియ్యమని ఒక కాయితం ముందట పెట్టిండు. నోట్ల అదే వక్కపొడి. కోమల ఆ కాయితాన్ని ఆయన బల్ల మీదనే నాలుగు ముక్కలు చింపింది.

"నా నెత్తురు దొంగిలించి నాతోనే అబద్ధం రాపిస్తవా? థూ!"

కేసు ఇంకా నడుస్తాంది. రెండో వాయిదాల కంపెనీ వకీలు నిండు కోర్టుల ఆ రిపోర్టు గట్టిగ చదవవట్టిండు. జడ్జి ఆపేసరికే సగం అయిపోయింది. ఎనుక బెంచీలోళ్లు మెడలు సాచి కోమల చేతుల దిక్కు చూసిన్రు. ఆమె చేతులు దాసుకోలే. వాళ్ల మొఖాల దిక్కే, ఒక్కొక్కరి దిక్కు, వాళ్లు తల దించేదాక చూసింది.