శారద వెళ్లాల్సిన ఊరు

శారద నన్ను పదిమందిలో మెచ్చుకున్నప్పుడల్లా అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఈ బరువు ఈనాటిది కాదు. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆమె కూతురు చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. అయినా అది తరగలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలనేమో.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎంతమంది దొరికితే అంతమందిని విదేశాల కంపెనీలు విమానాలెక్కించి తెచ్చుకుంటున్న రోజులవి. నేను అనంతపురం నుంచి, శారద భీమిలి నుంచి సింగపూర్ వచ్చాం. ఒకే కంపెనీ. ఓడరేవులకు ప్రోగ్రాములు రాసే పని. చోవా చూ కాంగ్ అనే పేటలో ఆమె, ఆమె భర్త ఉంటున్న ఫ్లాట్‌లోనే నాకొక గది ఇచ్చారు. నేను జ్వరంతో పడుకుంటే మిరియాల చారు కాచి నోటికందించిన మనిషి శారద. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు చిన్నదిగా కనిపిస్తుంది.

మాల్టాలో ఒక ఓడల కంపెనీకి మా ప్రోగ్రాము అమర్చడానికి ఒకరు వెళ్లాలి. శారదను ఎంచుకున్నారు. ఆఫీసు ఆ దేశపు రాజధాని వలెట్టాలో. మధ్యధరా సముద్రం ఒడ్డున, వందల ఏళ్ల నాటి కోటగోడల మధ్య ఉన్న ఊరు. భీమిలి పిల్ల కదా, అక్కడివాళ్లకు మెయిళ్లు రాసి పని సంగతులతో పాటు రేవు గురించి, పడవల గురించి అడిగేది. అన్నం తింటూ అవన్నీ నాకు చెప్పేది. నేను ఊఁ కొట్టేదాన్ని. లోపల మండేది. నాకంటే బాగా పని చేస్తుందని తెలుసు. తెలిసినందుకే మండేదా?

అంతలో ఆమె నెల తప్పింది. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది. అందుకని ఈసారి కన్నతల్లికి కూడా చెప్పలేదు. భర్తకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రయాణం చేయొచ్చని డాక్టరు అన్నారు.

ఒక మధ్యాహ్నం మా మేనేజర్ నా బల్ల దగ్గర ఆగాడు. చైనీస్ పెద్దాయన. శారద నీరసంగా కనిపిస్తోంది, ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగానే ఉంది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను గొంతు తగ్గించాను. ఆమె కడుపుతో ఉందని, ముందొకసారి పోయిందని, అంత దూరం పంపాలంటే నాకు భయంగా ఉందని చెప్పాను. నేను చెప్పినట్టు తెలియనివ్వొద్దన్నాను. చెబుతుంటే నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావేమో, నిజంగానే కాస్త భయం ఉండేదేమో అని నన్ను నేను ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. భయమే ఉంటే ఆమెతోనే అనేదాన్ని కదా? ఆయనకెందుకు చెప్పాను?

ఆయన మంచివాడు. శారదను పిలిచి, కడుపుతో ఉన్నావు, ముందు ఆరోగ్యం, ఇలాంటి ట్రిప్పులు ఇంకా వస్తాయిలే అన్నాడు. ఆమె బదులు నన్ను వెళ్లమన్నాడు.

ఆ సాయంత్రం శారద వంటగదిలో నిలబడి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, తన ఉన్ని స్వెట్టర్ మడిచి నా సూట్‌కేసులో పెట్టింది.

"అక్కడ గాలి ఎక్కువట. ఇది ఉంచుకో," అంది. "అది సరేగానీ, ఆయనకెలా తెలిసిపోయిందే? నేనెవ్వరికీ చెప్పలేదు కదా."

"నాకేం తెలుసే? నీ మొహం చూసి కనిపెట్టుంటాడు," అన్నాను.

"అంతేలే. పిల్లలున్నోడు కదా, తెలిసిపోతాది. పోన్లే, నువ్వైనా వెళ్తున్నావ్. ఇంకెవరో వెళ్తే ఇంకా ఏడుపొచ్చేది నాకు."

వలెట్టా అందంగా ఉంది. తేనెరంగు రాతి ఇళ్లు, వాటికి ఆకుపచ్చ, ఎరుపు రంగుల చెక్క బాల్కనీలు, మెట్లు మెట్లుగా సముద్రం వైపు దిగిపోయే వీధులు. నేను సంతోషపడ్డాను. అదీ ఒప్పుకోవాలి. ఆదివారం నాడు అక్కడి ఆఫీసు ఆవిడ నన్నొక పడవ ఎక్కించింది. శారద కోసం ముందే మాట్లాడి పెట్టిందట. పడవ నడిపే ముసలాయన కోటగోడల కిందుగా తీసుకెళ్తూ, సముద్రం ఒడ్డున పుట్టిన అమ్మాయి వస్తుందన్నారు, అది నువ్వేనా అని అడిగాడు. చదువు ముగిశాక గానీ సముద్రాన్ని చూడని నేను, అవునని తల ఊపాను. ఆయన సంబరపడి, ఇంజను ఆపి, నీళ్ల చప్పుడు వినమన్నాడు. నా చెవులకు ఏమీ ఎక్కలేదు. ఆమె ప్రయాణం తీసుకున్నది చాలక ఆమె ఊరు కూడా ఎందుకు తీసుకున్నాను?

తిరిగొచ్చాక టీమ్ బాధ్యత నాకిచ్చారు. శారదకు పండంటి ఆడపిల్ల పుట్టింది. ఆమె సెలవులో ఉండగానే ప్రాజెక్టులు తగ్గాయి, ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. మాల్టా పని ఆమె చేతిలో ఉండుంటే ఆమెను వదులుకునేవారు కాదు. నాకు తెలుసు. అది తేల్చిన మీటింగులో నేనూ కూర్చున్నాను. నోరు మెదపలేదు. ఆమె మళ్లీ ఉద్యోగం చేయలేదు.

ఇప్పుడు సింగపూర్‌లోనే ఆమె సెంగ్‌కాంగ్‌లో, నేను బిషాన్‌లో. నన్ను ఎవరికి పరిచయం చేసినా "నా చెల్లెలు" అనే చెబుతుంది. పోయిన వారం ఆమె కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మని మాల్టా తీసుకెళ్తున్నా. యూ మస్ట్ కమ్ లా!" అంది, అచ్చం సింగపూర్ యాసలో. శారద ఫోన్ అందుకుని, నువ్వే దగ్గరుండి అన్నీ చూపించాలి అంది. చూస్తానన్నాను.

ఆమెకు చెబుతానా? చెబితే క్షమించేస్తుందేమోనని భయం. క్షమించకపోతే అది న్యాయమే. రెండిట్లో ఏదీ నేను అడగదగినది కాదు. మీకు మాత్రం చెబుతున్నాను. మా మేనేజర్ ఎవరి మొహమూ చూసి కనిపెట్టలేదు. నేనే చెప్పాను. ఆమె మీద బెంగతో కాదు, ఆమె వెళ్తుంటే ఓర్వలేక. ఇంత స్పష్టంగా ఈ మాట నాలో నేను కూడా ఎన్నడూ అనుకోలేదు. రాశాక మళ్లీ ఒకసారి చదువుకున్నాను. జరిగింది ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా అందుతోంది.