కందకంలో చదవని ముక్క

అత్తగారి పేరు కోడలి నోట రాకూడదని మా కిర్గిజ్ ఇళ్లలో కట్టుబాటు. మొగుడి పేరైతే సరేసరి. కానీ ఊరంతా కలీచా, కలీచా అని పిలిచిన మనిషిని నేనొక్కదాన్నే ‘ఆవిడ’ అంటూ కూర్చుంటే కథ నడవదు. ఆవిడా పోయింది, నాకూ పళ్లూడాయి. ఇక భయమెవరికి? మా ఆయన పేరు మాత్రం చెప్పను.

కలీచాకి నోరే ఆస్తి. నరీన్ నది ఒడ్డున మా చిన్న ఊళ్లో ఎవరి ఆవు ఈనినా, ఎవరి పొయ్యి మీద పాలు విరిగినా ముందు ఆవిడకే తెలియాలి. జర్మన్లతో యుద్ధం వచ్చి ఒక్కగానొక్క కొడుకును తీసుకుపోయాక ఆ కబుర్లన్నీ తపాలా దారి పట్టాయి. ఆవిడకు అక్షరం ముక్క రాదు. తపాలా ఆఫీసు అరుగు మీద కూర్చుని చెప్పేది, కుంటి మామిర్‌బాయ్ రాసేవాడు. ఉత్తరాలు పంచేదీ ఆయనే, చదువురాని వాళ్లకు చదివిపెట్టేదీ ఆయనే.

“ఇది ఉత్తరమా, సంతా? కాగితం అయిపోతోంది వదినా.”

“కాలికి ఎలాగూ పని లేదు, చేతికైనా ఉండనీ. రాయి. మేక పొలాల సంఘం ఆఫీసులో దూరి చైర్మన్ టోపీ నమిలేసింది.”

“అది రాస్తే చైర్మన్ నన్ను నములుతాడు.”

“అయితే ఒక పెద్దమనిషి అను. మావాడికి తెలుస్తుందిలే.”

కొడుకు నుంచి జవాబు వచ్చేది. ‘అమ్మా, మన లోయవాళ్లం నలుగురం ఒకే కందకంలో ఉన్నాం. నీ ఉత్తరం రాగానే నేను గట్టిగా చదువుతాను, అందరూ చుట్టూ చేరతారు. పొగాకు లేకపోయినా ఓర్చుకుంటాం గానీ నీ కబుర్లు లేకపోతే తోచదు.’ అసలే కోతి, ఆపైన కల్లు తాగింది. ఆ రోజు నుంచి ప్రతి ఉత్తరంలోనూ ఉప్పూ కారం ఎక్కువయ్యాయి.

పక్కింటి సైకాల్ మొగుడు ఎసెన్ కూడా ఆ నలుగురిలో ఒకడు. సైకాల్ ఉన్ని షెడ్డులో సైనికులకు చేతితొడుగులు అల్లేది. నెమ్మది మనిషి. ఆ చలికాలం ఉన్నట్టుండి జడ చివర వెండి బిళ్లలు కట్టుకుని గలగలమంటూ తిరగడం మొదలుపెట్టింది. కలీచా ఊరుకుంటుందా?

“రాయి మామిర్‌బాయ్. మొగుడు మంచులో పడి ఉంటే ఈవిడకు సింగారం ముంచుకొచ్చింది. ఆ చప్పుడు ఎవరి చెవిన పడాలనో.”

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. “ఇది వద్దు వదినా. అక్కడ ఎసెన్ వింటాడు.”

“నవ్వుకోవడానికేగా. రాయవయ్యా.”

ఎసెన్ వింటాడని తెలియక కాదు. నోరు ఊరుకోలేదు, అంతే.

మంచు కరిగే రోజుల్లో సైకాల్‌కు ఉత్తరం వచ్చింది. వాళ్ల వాకిట్లో నిలబడి మామిర్‌బాయ్ చదివాడు. గోడకు ఇవతల కలీచా పిండి పిసుకుతోంది. ‘వెండి ఎవరి కోసం కట్టావో వాడి దగ్గరికే పో. మా అమ్మను మా అక్క ఇంట్లో దింపు. ఇక నాకు రాయకు.’

సైకాల్ ముసలి అత్త బాత్మాకు ఆ ఏడే చూపు పోయింది. ఆవిడే అరిచింది. “ఏ పాపిష్ఠి నోరు చేరేసిందే ఈ మాట? కట్టుకోమన్నది నేను కాదూ? ఇంట్లో ఎవరు తిరుగుతున్నారో కనిపించక ప్రాణం గుబగుబలాడుతోంది, నా పెళ్లినాటి వెండి జడకు కట్టుకోవే, నువ్వేనని తెలుస్తుంది అన్నాను. అది చేసిన నేరం ఇదీ.”

మామిర్‌బాయ్ గోడ మీదుగా ఒక్కసారి ఇటు చూసి వెళ్లిపోయాడు. కలీచా చేతులు పిండిలోనే ఉండిపోయాయి. ఆ రోజు భూమి చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించిందని నాతో చాలాసార్లు అంది.

మర్నాడే మళ్లీ అరుగు ఎక్కింది. “రాయి. ఎసెన్‌కు వినపడేలా గట్టిగా చదవమని రాయి. నీ తల్లి నోటిదురదతో కూసింది. సైకాల్ మచ్చలేని పిల్ల. వెండి కట్టించింది గుడ్డి అత్త. తప్పంతా కలీచాది అని రాయి.” మామిర్‌బాయ్ ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా రాశాడు.

తర్వాత కొత్త రొట్టె చేత పట్టుకుని సైకాల్ ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. రొట్టె తెచ్చినవాళ్లను, పగవాళ్లయినా సరే, ఒక తునక నోట్లో వేసుకోకుండా మేం పంపం. సైకాల్ దాన్ని ముట్టుకోలేదు.

“ఆయన దగ్గర్నుంచి జవాబు రానీ పెద్దమ్మా. అప్పుడు తింటాను.”

జవాబు రాలేదు. గడ్డి కోతల వేళకు నల్ల కాగితం వచ్చింది, ఎసెన్ చనిపోయాడని. ఏడుపులన్నీ అయ్యాక సైకాల్ ఒకటే అడిగింది: “పోయేముందు ఆయన విన్నాడా?” కలీచాకు కొడుకు రాసిన ఉత్తరాల్లో ఆ ఊసే లేదు. అంత వాగుడుకాయా ఊరి బావి దగ్గరికి వెళ్లడం మానేసింది.

యుద్ధం ముగిసి మా ఆయన క్షేమంగా వచ్చాడు. ఏం అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని కలీచా ఆ ఉత్తరం సంగతి ఎత్తలేదు. అంతలో మా పెళ్లి కుదిరింది. పెళ్లినాడు కొత్త కోడలిని మాలో తెర వెనక కూర్చోబెడతారు, నేను అక్కడున్నాను. పక్కింటి శుభకార్యం కనక సైకాల్ కూడా వచ్చి వాకిట్లో పెద్ద బాన దగ్గర పని చేస్తోంది. ఎసెన్ విన్నాడా అని ఆమె మళ్లీ అడిగిందో ఏమో, కలీచా లోపలికి వచ్చి కొడుకు ముందు కూర్చుంది.

“సైకాల్ గురించి రాయించిన ఉత్తరం అందిందా?”

“అందింది.”

“ఎసెన్ ఉన్నాడా అప్పటికి?”

“పక్కనే కూర్చున్నాడు.”

“చదివావా?”

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు. “మిగతాదంతా చదివాను. ఆ ముక్క వదిలేశాను.”

“వదిలేశావా?”

“సైకాల్ రాయించిందేమైనా ఉందా, ఇంకేమీ లేదా అని ఎసెన్ అడిగాడు. లేదన్నాను. నలుగురిలో నిన్ను నోటిదురద మనిషివని నేనే ఎలా చదవనమ్మా? నువ్వు నా తల్లివి.”

“ఆమె వాడి పెళ్లాంరా,” అంది కలీచా.

తెర వెనక నేను ముసుగు కిందే తల ఇంకా వంచుకున్నాను.

“లే. నువ్వే వచ్చి చెప్పు,” అంది. ఆయన లేవలేదు. ఆవిడ ఒక్కతే సైకాల్ దగ్గరికి వెళ్లింది. పెళ్లికొచ్చిన ఆడవాళ్లందరూ వింటుండగా, నా కొడుకు నా పరువు కాపాడడానికి ఆ మాట దాచాడు, నీ మొగుడు వినకుండానే పోయాడు అని చెప్పింది. సైకాల్ గరిటె పక్కన పెట్టి, పెళ్లికొచ్చిన గుడ్డి అత్త బాత్మా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది.

మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. గోడ అవతలే ఉండేది. రమ్మని పిలవడానికి మా ముగ్గురిలో ఎవరికీ మొహం చెల్లలేదు.