పందికొక్కుల మున్షీ

నౌకరీ దొరికితే చాలు, అందులో ఏం పని చేయాలని అడగడం మర్యాద కాదనుకునే కాలం అది. నిజాంసాగర్ కాలువ నీళ్లు బోధన్ వైపు కొత్తగా పారుతున్నాయి, జొన్న చేలు ఒక్కొక్కటే చెరకు తోటలవుతున్నాయి. నాకు పంతొమ్మిదేళ్లు. బాపు పోయి రెండేళ్లయింది. నిజామాబాద్‌లో మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఉర్దూలో నా చేతిరాత బాగుంటుందని (అప్పటికి నాలో ఉన్న మంచి గుణం అదొక్కటే) రుద్రూర్ దగ్గర ఒక చెరకు ఫారంలో ఆరు నెలలకు మున్షీగా పెట్టుకున్నారు. పని నచ్చితే పక్కా చేస్తామన్నారు. అమ్మ వేళ్లకు ఇక విశ్రాంతి అనుకుంటూ, బాపు ఎర్ర కుచ్చుల రూమీ టోపీ పెట్టుకుని వెళ్లాను. అది నాకు కొంచెం పెద్దది, చెవుల దాకా దిగేది.

మొదటి వారంలోనే ఫారం సాబ్ పిలిచాడు. ఎర్రటి మనిషి, పెద్ద మీసాలు, మాట్లాడితే గదిలో కాగితాలు కదిలేవి. "మున్షీ, పందికొక్కులు చెరకంతా మొదలు కాడ కొరుకుతున్నయ్. గవి ఎంత పెద్దగుంటయ్, ఎన్ని పిల్లల్ని పెడ్తయ్, పిల్లలు ఎన్నొద్దులకు పెద్దగైతయ్, అంతా రాసి తీస్కరా. అప్పుడే బొక్కలు ఎప్పుడు తవ్వాల్నో తెలుస్తది" అన్నాడు. నేను "జీ సాబ్" అన్నాను. ఎలుక కనిపిస్తే మంచం ఎక్కే మనిషినని మాత్రం చెప్పలేదు.

నెల రోజులు నేను చేసిన పరిశోధన ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడతాయి. ఒకనాడు గట్టు మీద ఒక పందికొక్కు పారిపోతుంటే దూరం నుంచి చూశాను. భయంతో చూసిన కంటికి అది ఎంత కనిపించిందో అంత రాసుకున్నాను, రెండు ఫీట్లు అని. పిల్లల సంగతి ఎట్లా? అంతకు ముందేడు మా అక్కకు కొడుకు పుట్టాడు. వాణ్ణి చూసిన అనుభవం ఉంది కదా అని, ఆరో నెలలో పళ్లొస్తాయనీ ఏడాది నిండేసరికి తల్లిని వదిలి నడుస్తాయనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సాబ్ ముందు పెట్టాను.

సాబ్ రెండుసార్లు చదివాడు. "రెండు ఫీట్లా? మియా, ఇది పందికొక్కా, పందా?" అన్నాడు. పేజీ తిప్పాడు. "ఏడాదికి నడుస్తదా? మరి మొన్న పెట్టిన చెరకును ఎవరు కొరికిండ్రు, నువ్వా?" బయట పనివాళ్లందరికీ వినబడింది. కాగితం నా చేతిలో పెట్టి, "ఇంకో రెండు నెలలు. నిజం రాస్తే ఉండు, లేకుంటే నిజామాబాద్ పో" అన్నాడు.

షెడ్డు వెనక కూర్చుని ఏడ్చాను. ఫారంలో కూలికొచ్చే ఒక ముసలమ్మ కొడవలి నూరుకుంటూ నన్ను చూసింది. ఆమెను అందరూ బొక్కలవ్వ అనేవారు. పొలంలో ప్రతి బొక్కా తెలుసు కాబట్టా, ఒంట్లో బొక్కలు, అంటే ఎముకలు, తప్ప కండ లేదు కాబట్టా అన్నది ఎవరూ తేల్చలేదు. ఆదివారం ఒక్కరోజు తెల్లచీర కట్టుకుని బోధన్ చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ మట్టిలోనే.

"గింత పోరడివి, గట్ల ఏడుస్తవేంది బిడ్డా?"

సంగతి చెప్పాను. అక్క కొడుకు పళ్ల దాకా వచ్చేసరికి ఆమె కొడవలి కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "నడువ్, సూపిస్త" అని లేచింది.

ఆమె వెంట తిరిగిన ఆ రోజులే నా అసలు చదువు. కొత్త మట్టి కుప్ప చూసి, లోపల ఉన్నదీ లేనిదీ చెప్పేది. ఒకనాడు ఒక కుప్ప ముందు కూర్చుని, "దీంట్ల కడుపుతోని ఉన్నది" అంది. ఎట్లా తెలుసంటే, "వాకిట్ల గడ్డిపోసలు సూడు. పురుడుకు పరుపు ఏసుకుంటున్నది" అంది. ఒక దారి మూసి, ఇంకో దారికి సంచి పెట్టి, అరగంటలో దాన్ని పట్టింది. అది సంచిలో గుర్రుమంటుంటే నేను పది గజాల అవతల నిలబడి ధైర్యంగా రాసుకున్నాను. కొలత కూడా అవ్వే చెప్పింది. ముక్కు నుంచి తోక మొదలు దాకా జానెడు, తోక దానికన్నా వేలెడు తక్కువ.

దాన్ని షెడ్డులో ఒక పెద్ద మట్టి గోలెంలో మట్టీ గడ్డీ పోసి ఉంచాం. ఆరో రోజు పొద్దున చూస్తే ఎనిమిది పిల్లలు. చిటికెన వేలిలో సగం, ఎర్రగా, ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు మూసుకుని ఉన్నాయి. నేను చేతులు వెనక్కి కట్టుకునే వంగి చూశాను. వారానికి వాటి మీద బూడిదరంగు నూగు వచ్చింది. నేను రోజూ పని మొదలుపెట్టక ముందే వచ్చి చూసేవాణ్ణి. ఎప్పుడు పోయిందో తెలియదు, భయం పోయింది.

పిల్లలు పుట్టిన పన్నెండో రోజు నేను వచ్చేసరికి తల్లి లేదు. రోజూ మట్టిని గోలెం ఒక పక్కకు తోసి కుప్ప చేసుకుంటుంటే అలవాటు అనుకున్నాను. ఆ కుప్ప ఎక్కే అది బయటికి దూకింది. పిల్లలు చల్లబడి ముడుచుకుని ఉన్నాయి. నా నౌకరీ కూడా వాటితోపాటే చల్లబడింది.

"ఏడుపు తర్వాత. ముందుగాల వెచ్చగ పెట్టు" అంది అవ్వ. ఎక్కడ పెట్టను? తలమీది టోపీ తీసి దూది పరిచి అందులో పెట్టుకుని ఒళ్లో పట్టుకున్నాను. అవ్వ తన మేకను పితికి, దూది వత్తిని పాలలో ముంచి ఒక్కొక్కదాని నోటికి అందించడం నేర్పింది. రెండు బతకలేదు. ఆ పూట నేను అన్నం తినలేదంటే మీరు నవ్వుతారు, నవ్వండి. ఆరు మిగిలాయి.

పదిహేనో రోజు టోపీ ఒళ్లో పెట్టుకుని పాలు పడుతుంటే వాకిట్లో సాబ్ గొంతు వినిపించింది. ఆ రోజుల్లో అధికారి ముందు ఉత్త తలతో నిలబడటం కన్నా పెద్ద బేఅదబీ లేదు. ఆలోచించలేదు. టోపీ తలకు పెట్టుకుని నిలబడి సలాం చేశాను.

సాబ్ కాలువ నీళ్ల గురించి ఏదో అడుగుతున్నాడు. నా నెత్తిన ఆరు ప్రాణాలు ఇరవై నాలుగు కాళ్లతో తిరుగుతున్నాయి. "జీ సాబ్" అనబోతే నవ్వొచ్చింది. ఒకటి చెవి పక్క నుంచి జారి, టోపీ అంచు కింద నుంచి ముక్కు బయట పెట్టింది. సాబ్ మాట ఆగిపోయింది.

"ఏందది?"

పక్కన మేకను పితుకుతున్న అవ్వ ముందుకొచ్చింది. "తల్లి ఇడిసిపోయింది సాబ్. మూడొద్దుల సంది నెత్తిన పెట్టుకొని సాదుతుండు. గిసొంటి పనోడు నీకు యాడ దొర్కుతడు?"

సాబ్ దగ్గరికొచ్చి, తన చేతులతో నా టోపీ తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. "కండ్లు తెరిచింది" అన్నాడు నెమ్మదిగా. నిజమే. బయటికి తొంగిచూసిన పిల్ల లోకాన్ని మొదటిసారి చూస్తోంది. దానికి మొట్టమొదట కనిపించినవి మా సాబ్ మీసాలు. "రాస్కో మున్షీ, పదిహేనో దినం" అని, ఆయన షెడ్డు అదిరేటట్టు నవ్వాడు.

నెల తిరిగేసరికి అవి చెరకు ముక్కలు కొరుక్కు తింటూ, ఎవరికది బొక్క తవ్వుకోవడం మొదలుపెట్టాయి. మూడు నెలలకు అవే పిల్లల్ని పెడతాయని అవ్వ చెప్పింది. నేను చూడలేదు కనుక, అవ్వ చెప్పిందనే రాశాను. సాబ్ అదేమిటని అడిగితే, "ఇందులో నాకు తెలిసింది తక్కువ సాబ్, అంతా అవ్వకు తెలిసిందే" అన్నాను. ఆ ఏడాది బొక్కలు తవ్వే పనికి ఆమెనే కూలీలందరి మీద పెద్దగా పెట్టారు. నా నౌకరీ పక్కా అయింది. ఆ కబురు విని అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, చాలాసేపు ఊరికే కూర్చుంది.

ఆ ఆరింటినీ చంపేయాలని హుకుం. గోలెం ముందు నిలబడి అవ్వ మొహం చూశాను. "నీ చేత్తోని పాలు తాపినవ్. సంపుతవా?" అంది. ఇద్దరం వాటిని సంచిలో వేసుకుని, కాలువ దాటి, కోటగిరి దిక్కు బీడు భూమిలో వదిలేశాం. అవ్వ దండం పెట్టుకుని "పోండ్రి బిడ్డా, మా దిక్కు రాకుండ్రి" అంది. చెరకును కాపాడటానికి జీతం తీసుకునే మున్షీ చేసిన నిర్వాకం ఇది. ఆ ఏడాది కోటగిరి దిక్కు ఎవరి చెరకైనా మొదలు కాడ తెగి ఉంటే, ఇన్నేళ్ల తర్వాత వాళ్లకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. కానీ మళ్లీ ఆ వయసూ ఆ సంచీ ఇస్తే, అవ్వ పక్కనే నడిచి, అదే కాలువ దాటి, అక్కడే వదిలిపెడతాను.